ఆఖరి నల్లరాయి

ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు ముందు తాతా మనవరాలూ మాట్లాడుకుంటున్నారు. వాళ్లు రాయి తెచ్చుకునే గని అడుగంటింది. మిగిలిన పెద్ద నల్లరాయి ఇదొక్కటే. దాన్ని తానే చెక్కుతానని ఆ పిల్ల పట్టుబట్టింది.

"డీజిల్ అయిపోతే ఎండతో బండ్లు నడుపుతామంటాండారు పాపా. రాయి అయిపోతే దేన్ని చెక్కుతావ్?"

"అందుకే దీన్ని నాకియ్యి. చిన్న ముక్క కూడా పారేయను."

"మా నాయన చెక్కిన నందిని చూసి నంద్యాల ఎద్దులు పక్కకు జరిగి దారిచ్చేవి. నీకు చేతనవుతుందా?"

"పోయినసారి ఆ నంది రంకె కూడా ఏసిందన్నావ్."

"ఏసింది. వయసైపోయి ఇప్పుడు మానేసింది. సరే, దీంట్లో ఆరడుగుల అమ్మవారిని చెక్కు, చూస్తా."

ఆమె సుత్తితో రాయంతా తడుతూ చెవి ఆనించి విన్నది. గంటలా మోగుతున్న రాయి ఒక మూల బొంగురుపోయింది.

"ఆరడుగులు రాదు తాతా. ఈడ లోపల పగులుంది. ఇది తీసేసి నాలుగడుగులే చేస్తా. తీసిన ముక్కల్లో చిన్న నందులొస్తాయి."

ఆ పగులు సంగతి తాతకు ముందే తెలుసు, కానీ ఎవరికీ చెప్పలేదు. తన ఉలి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రాయి నీదే. రేపట్నుంచి ఊరంతా చెప్తా, నా మనవరాలు తడితే రాయి తన రోగం తానే చెప్పుకుందని."

"అది నిజమే కదా తాతా."

"అదే నా బాధ. నేను నిజం చెప్తే నమ్మేదెవరు?"