ఎనిమిది గొంతుల ఫ్యూగ్

రేవు చర్చిలో ఆర్గన్ వాయించే కొలువు కావాలంటే పాత ఆర్గన్ మాస్టారి కూతుర్ని పెళ్ళాడాలి. కొలువూ, పిల్లా, చర్చి పక్కనున్న ఇల్లూ అన్నీ ఒకే మూట. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడికి కూతుళ్ళు ఉండి ఉండరని వీబ్కె గట్టి నమ్మకం. ఆమె నాన్న డెట్లెఫ్ మాస్టారు కూడా ఒకప్పుడు ఈ గుమ్మంలోకి అలా వచ్చినవాడే. ఇప్పుడాయనకి చేతులు వణుకుతున్నాయి, అందుకని కొత్తవాడు కావాలి.

ముందొచ్చిన ఇద్దరూ ఆర్గన్‌ని తెగ మెచ్చుకుని, వీబ్కె ముఖం మీది మశూచి మచ్చలు చూసి, మర్యాదగా పడవెక్కేశారు. మూడోవాడు ఈ మెల్కియోర్ ష్టుబ్. గుర్రం మీద వచ్చాడు. వీబ్కె వంక చూడనే లేదు. ఇంటి కప్పు చూశాడు, పెరట్లో ఆపిల్ చెట్టు చూశాడు, "బాగుంది మావయ్యగారూ" అన్నాడు.

పరీక్ష రేపు. పెద్దలు ఏదో ఒక వరస ఇస్తారు, దాని మీద అప్పటికప్పుడు ఫ్యూగ్ అల్లి వాయించాలి. కానీ చర్చి పెద్ద లూడెర్స్ గారికి అంతదాకా ఆగే ఓపిక లేదు. ఆయన ధాన్యం వ్యాపారి, సరుకు నచ్చితే అక్కడికక్కడే బేరం ముగించే రకం. "ఇతను కూడా వెళ్ళిపోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనమ్మా, నా చేతిలో ఏమీ లేదు" అని పొద్దున్నే వీబ్కెకి చెప్పేశాడు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేలోగా ఇద్దరి చేతులూ కలిపేస్తానని కూడా అన్నాడు.

అలా అందరూ ఇంటి ముందు బల్ల చుట్టూ చేరారు. బల్ల మీద పొగబెట్టిన మలుగు చేప, నల్ల రొట్టె. వీబ్కె చేతిలో బీరు కూజా.

"అబ్బే, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదండీ" అంటూ మొదలెట్టాడు మెల్కియోర్, నోట్లో చేప ముక్క ఉండగానే. "ఏదో ఈస్టర్ పండగనాడు ఎల్బే నది అవతల ఓ చిన్న ఊళ్ళో గుర్రానికి నీళ్ళు పెడదామని ఆగాను. చూస్తే చర్చి ముందు జనమంతా బిక్కమొహాలేసుకుని ఉన్నారు. ఏమయ్యా అంటే, ఆర్గన్ మాస్టారికి కడుపునొప్పట, పక్క మీంచి లేవలేడట. పండగ పూట ఆర్గన్ లేకుండా ఎలాగ? సరే, చేతనైన సాయం చేద్దామని పైకెక్కాను. వెనకాల ఆర్గన్‌కి గాలి ఊదే తిత్తులు తొక్కడానికి ఇద్దరన్నదమ్ములున్నారు, ఒక్కొక్కడు దున్నపోతంత ఉన్నాడు. కానివ్వండర్రా అన్నాను. ప్రార్థనకి ముందు వాయించే చిన్న ప్రెల్యూడ్ ఒకటి వాయించాను, అంతే."

"అంతేనా?" అంది రొట్టెల గేషె. పక్కింటావిడ, కథ వినడానికి పొయ్యి వదిలేసి మరీ వచ్చింది.

వీబ్కెకి ఇక్కడిదాకా ఏ అనుమానమూ రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త ఆశ కూడా పుట్టింది. వాగుడుకాయే గానీ, పరాయి ఊళ్ళో సాయానికి దిగిన మనిషి, మంచివాడేమో అనుకుంది. ఆ "అంతేనా" లేకపోయుంటే ఆమె చెయ్యి ఇచ్చేసేదేమో కూడా.

"అంతే ఎక్కడండీ వదినగారూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాస్టరు గారు రొప్పుకుంటూ పైకొచ్చి, బాబ్బాబు, ఒక్క ఫ్యూగ్ వాయించు నాయనా అని నా చేతులు పట్టేసుకున్నారు. ఫ్యూగంటే మాటలా? ఒక గొంతు ఒక వరస ఎత్తుకుంటుంది, అది పూర్తయ్యీ కాకముందే రెండో గొంతు అదే వరస పట్టుకుని వెంటపడుతుంది, వాటి వెనకాల మూడోది, ఒకదాన్నొకటి తరుముతూనే ఉండాలి, ఒకదానికొకటి దొరక్కూడదు. మూడు నడిపేసరికే మనిషికి ముచ్చెమటలు పడతాయి. నేను నాలుగు పెట్టాను."

"నాలుగు మేమూ వాయించాం లేవయ్యా" అన్నాడు డెట్లెఫ్ మాస్టారు మెల్లిగా.

"అదే కదండీ మావయ్యగారూ! నాలుగు మీరూ వాయిస్తారు, అందుకనే ఐదోది పెట్టాను. రెండు చేతులకీ నాలుగు, కింద కాలిమెట్ల మీద కుడికాలికి ఐదోది. మరి ఎడమకాలు ఊరికే ఎందుకుండాలి? దానికి ఆరోది ఇచ్చాను. జనం ఊపిరి బిగబట్టేశారు. ఏడోదానికి వేళ్ళెక్కడివి? వంగి ముక్కుతో నొక్కాను!"

"ముక్కుతోనా!" లూడెర్స్ తొడ చరుచుకున్నాడు. "విన్నారా మాస్టారూ? ముక్కుతోట!"

"కావాలంటే చూడండి, ఇప్పటికీ కొంచెం పక్కకి వాలి ఉంటుంది."

గేషె నిజంగానే లేచి వెళ్ళి చూసొచ్చింది. వాలే ఉందని చెప్పింది.

గంట కొట్టేవాడు తాళంచెవులు ఊపుకుంటూ చర్చి వైపు నడవడం వీబ్కె చూసింది. లూడెర్స్ పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్, నిలబడ్డావేం" అన్నాడు. ఆమె కూజా రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడింది.

"అక్కడితో ఆపెయ్యాల్సింది" అన్నాడు మెల్కియోర్ గొంతు తగ్గించి. "కానీ ఒళ్ళు వేడెక్కిపోయింది కదా! ఫ్యూగ్ నడుస్తుండగానే కింద చకోన్ ఎత్తాను. అవే నాలుగు స్వరాలు, మళ్ళీ అవే, మళ్ళీ అవే, గానుగెద్దులా కింద తిరుగుతూనే ఉండాలి, పైన మాత్రం ప్రతి చుట్టుకీ కొత్త సింగారం. అది ఎనిమిదో గొంతు. ఏ కాలితో అని అడక్కండి, నాకే తెలీదు. ఆ దెబ్బకి గోడ బీటలిచ్చింది. సముద్రంలో వెళ్ళే ఓడలు అదేదో తుఫాననుకుని తెరచాపలు దించేశాయట. సమాధి రాళ్ళు లేచి లేచి పడుతున్నాయి. జనం చెల్లాచెదురు! పాస్టరు గారు అంగీ పైకెత్తి పట్టుకుని ఒకటే పరుగు! ఆ దున్నపోతులన్నదమ్ములిద్దరూ అయితే గోడ దూకి బార్లీ చేలల్లో పడ్డారు, నా కళ్ళతో చూశాను. తలుపు దానంతటదే మూసుకుంది. లోపల ఈగ లేదు. నేనూ, ఆర్గనూ, పైన దేవుడూ. అలా ఒక్కణ్ణే ఎనిమిది గొంతుల్నీ ఒక్కొక్కటిగా ఇంటికి చేర్చి, ఆఖరి స్వరాన్ని పొద్దు గుంకేదాకా పట్టి ఉంచాను."

గేషె మెళ్ళో రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

లూడెర్స్ లేచి నిలబడ్డాడు. "ఇంకా పరీక్షేమిటయ్యా! ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు." మెల్కియోర్ చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి వీబ్కె వైపు చాపాడు. "రా అమ్మా."

వీబ్కె నాన్న వైపు చూసింది. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. తను నోరు విప్పితే ఇల్లు పోతుంది. వచ్చే చలికాలానికి ముసలాయన్ని తీసుకుని ఎవరి పంచన చేరాలో తెలీదు, ఆ భయం ఆమెకి ఉంది. కానీ ఆ క్షణంలో ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. తిత్తులవాళ్ళు రాని రోజుల్లో అమ్మే ఆర్గన్ వెనక చీకటి గదిలో నిలబడి తొక్కేది. ఆమె తొక్కితేనే గొట్టాల్లోకి గాలి, ఆమె ఆగితే ఆర్గన్ ఒట్టి కట్టెల మోపు. నాన్న వాయించడం అయిపోగానే ఇంటికొచ్చి, ఆమె కాళ్ళకి వేణ్ణీళ్ళు తనే కాచేవాడు.

"ఒక్క మాట అడగొచ్చా?" అంది.

"నిర్భయంగా అడుగు!" అన్నాడు మెల్కియోర్. పొద్దుటినించీ ఆమె ముఖం చూడ్డం అదే మొదటిసారి.

"ఆ అన్నదమ్ములు ఎప్పుడు పారిపోయారు?"

"చకోన్ ఎత్తుకున్న రెండో చుట్టుకే."

"మళ్ళీ తిరిగొచ్చారా?"

"రావడమా! ఇప్పటికీ ఆ చర్చి గడప తొక్కరట!"

"మరి పొద్దు గుంకేదాకా తిత్తులు ఎవరు తొక్కారు?"

మెల్కియోర్ రెండో చేత్తో ఇంకో చేప ముక్క అందుకున్నాడు. బల్ల చివర డెట్లెఫ్ మాస్టారు చిన్నగా తుమ్మినట్టు చప్పుడు చేశాడు, చూస్తే అది నవ్వు.

"దేవదూతలు!" అన్నాడు మెల్కియోర్ హఠాత్తుగా. "అవును, దేవదూతలే వచ్చి తొక్కారు! ఆ సంగతి చెప్పుకోవడం ఇష్టం లేక దాచాను!"

"అయ్యో ప్రభువా!" అంది గేషె. ఆమె నమ్మేసింది. లూడెర్స్ చెయ్యి ఇంకా చాపే ఉంది.

"అయితే లూడెర్స్ గారూ" అంది వీబ్కె, "రేపు మన తిత్తులవాళ్ళని రావద్దని కబురు చెయ్యండి. ఈయన తాలూకు దూతలున్నారుగా, వాళ్ళే తొక్కుతారు."

ధాన్యం వ్యాపారి మెల్కియోర్ ముఖంలోకి చూశాడు, బస్తా అడుగు సరుకు చూసినట్టు. చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. "బాగా చెప్పావు. రేపు అలాగే చేద్దాం."

మెల్కియోర్ గుర్రానికి నీళ్ళు పెట్టొస్తానని లేచాడు. ప్రార్థన గంట మొదలయ్యేసరికి డెక్కల చప్పుడు ఊరి ద్వారం వైపు పోతూ వినపడింది. చేప ముక్క ఒకటి చేత్తో పట్టుకునే వెళ్ళాడు.

లూడెర్స్‌కి అప్పుడు కోపం వచ్చింది. "దొరికినవాణ్ణి దొరికినట్టే తరిమేశావు కదమ్మా! ఇల్లు పోతుంది, తెలుసా?"

"తెలుసండీ."

"ఇంతకీ నీకు ఎలాంటివాడు కావాలమ్మా?"

వీబ్కె నాన్న గ్లాసులో బీరు నింపింది.

"తిత్తులు ఎవరో ఒకరు తొక్కాలని తెలిసినవాడు."