జలపతి గుండెకెల్లి త్రీ ఫేజ్ కరెంట్

కోరుట్లల సుశీల చాయ్ హోటల్ ముంగట కూసున్నడంటే జలపతి నోరు ఊకోదు. పద్దెనిమిదేండ్లు మస్కట్ల క్రేన్ నడిపి, నాలుగు నెలల సెలవు మీద అచ్చిన మనిషి. ఆ పొద్దు గంగయ్య ఊకెనే అడిగిండు.

"జగిత్యాలల గుండె పరీక్ష చేయించుకున్నవట గద, ఏమన్నరు?"

"ఏమంటరు కాకా, మంచిగనే ఉన్నదన్నరు."

ఆడికే ఆగుదామనుకున్నడు జలపతి. ఆ ఒక్క ముక్క కూడ అబద్ధమే. కని అబద్ధమాడినంక దాన్ని ఒంటరిగ ఇడిచిపెట్టుడు అతనికి చేతగాదు.

"ఎకో అంటరు దాన్ని. ఎడమ పక్కకు ఒరగమన్నరు, ఎద మీద సల్లటి జెల్లు పూసిన్రు, గింతంత మిషిన్ ఆనిచ్చిన్రు. టీవీల నా గుండె కనవడ్డది. రక్తం పోతుంటే హుష్షు హుష్షుమని సప్పుడస్తది, డాక్టరమ్మ జర సౌండు పెంచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయట కూసున్నోళ్ళు లేచి, రైసుమిల్లు ఎక్కడ షురువైందని ఎతుకుతున్నరు."

ఆటో శేఖర్ చాయ్ గిలాస కింద పెట్టిండు. "రైసుమిల్లా అన్నా?"

"నాకే సిగ్గయింది తమ్మీ. బల్లిని జూస్తె మంచమెక్కెటోడి గుండె గట్ల కొట్టుకోవచ్చునా?"

అందరు నవ్విన్రు. ఆ నవ్వు ఇంటుంటే జలపతికి ఎదల బరువు కొంచెం దిగినట్టే అనిపించింది. ఇగ ఆపబుద్ధి కాలే.

"గుండె ఒక్క దెబ్బకు లోపలున్న రక్తంల అరవై శాతం బయటికి తోస్తే మంచిదట. నాది తొంభై సూపెట్టింది. డాక్టరమ్మ కండ్లద్దాలు తుడుసుకొని మల్ల సూసింది. నూట ఇరవై."

"లోపలున్నదే నూరైతే, ఇంకో ఇరవై ఏడికెల్లి అచ్చింది?" అన్నడు గంగయ్య.

"పక్క మంచపాయనది గుంజుకున్నది కాకా. ప్రెషర్ కొలుద్దామంటే మిషిన్ల అంకెలే అయిపోయినయ్. గప్పుడే దవఖానల కరెంట్ పోయింది, మిషిన్ మాత్రం ఆగలే, నా గుండె మీదనే నడుస్తున్నది. లైట్లు ఎలిగినయ్, లిఫ్టు కదిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటోళ్ళు ఉరికచ్చి నా ఎదకెల్లి తీగ గుంజిన్రు. మల్లాపూర్ దాంక బాయి మోటర్లకు త్రీ ఫేజు. నడుమ నేను తుమ్మితే పెగడపల్లిల రెండు మోటర్లు కాలినయ్. అది నా తప్పే, ఒప్పుకుంటున్న."

బెంచీ కొసకు కూసొని చక్కెర లేని చాయ్ తాగుతున్న కిష్టవ్వ గిలాస పక్కకు పెట్టింది.

"జలపతీ, ఆ పొద్దు నీ తర్వాత నంబర్ నాదే. పర్ద అవుతల కూసున్న" అన్నది మెల్లగ. "నీది నలభై శాతమే తోస్తున్నదన్నది డాక్టరమ్మ. ఊపిరితిత్తుల దిక్కు ప్రెషర్ పెరిగింది, గోళీలు ఆపద్దు, ఉప్పు తగ్గియ్యి, ఇప్పట్ల క్రేన్ ఎక్కద్దన్నది. నువ్వు ఆమె చెయ్యి పట్టుకొని, మా ఇంటామె జమునకు చెప్పద్దు మేడమ్ అని ఏడ్సినవ్."

సుశీల స్టౌ తగ్గిచ్చింది. జలపతి తల వంచుకున్నడు. ఎనిమిది దినాల సంది ఆ ఎకో రిపోర్టు కాయిదం బీరువల బట్టల కింద దాసిపెట్టిండు. చెప్తే నిజమైతదని భయం.

"నీకెంత అచ్చిందవ్వా?" అన్నడు.

"ముప్పై ఎనిమిది."

"నాకన్న తక్కువనా?"

"నిరుడు ఇరవై ఐదే ఉండె బిడ్డా. గోళీలేసుకున్న, పెరిగింది."

జలపతి ఆమె దిక్కు సూస్తనే ఉన్నడు. పొద్దుగాల్ల బస్సు దిగి, కూరగాయల సంచి పట్టుకొని, తనే నడిసచ్చిన ముసలామె. కండువతోని మొఖం తుడుసుకొని, ఫోన్ తీసి జమునకు కలిపిండు.

"ఇంట్లనే ఉన్నవా? నా గుండె సంగతి ఒకటి చెప్పాలె."

అవుతల జమున అప్పుడే నవ్వుడు మొదలువెట్టింది.

"నవ్వకే" అన్నడు జలపతి. "గివి కోతలు కావు."