చేవ పడని చెట్టు

కాటారం దగ్గరి తండాలో భద్రు చేను. భూపాలపల్లిలో అత్తర్లు, గంధం నూనె అమ్మే అబ్రార్ శ్రీగంధం చెట్టుకు బెజ్జం వేసే బర్మా పెట్టి తిప్పుతున్నాడు. భద్రు, అతని భార్య కమలాబాయి పక్కనే నిలబడి చూస్తున్నారు.

“జర లోపలికి పోనియ్యి సాబ్. పైపైన తిప్పితె ఏమొస్తది?”

“పోయింది భద్రన్నా. నడిమిట్లకు వచ్చిన. గిదిగో పొట్టు, నువ్వే చూడు. తెల్లగుంది.”

“తెల్లగుంటె ఏంది? వాసన చూడు.”

“చూసిన.”

“మల్ల చూడు. అత్తరు పట్టిన చేతులాయె నీవి, నీకేం తెలుస్తది?”

“అన్నా, తాతల కాడికెల్లి గిదే పని మాది. గంధం వాసనంతా నడిమిట్ల గట్టిపడ్డ చేవల ఉంటది. గీ చెట్టుకు చేవ పడలేదు. చేవ లేకుంటె గిది పొయ్యిల కట్టెనే.”

“పొయ్యిల కట్టెనా? ఆ మాటనెటందుకు నోరెట్లొచ్చింది? గీ చెట్లకాడ్నే గద మా మిథున్...”

“తెలుసన్నా. ఏమనుకోకు, నోరు జారిన.”

“ఏం తెలుసు నీకు? దొంగలొచ్చిండ్రని మంచె దిగి ఒక్కడే ఉరికిండు నా కొడుకు. గొడ్డలి మర్లేసి నెత్తిమీద కొట్టిండ్రు. వరంగల్ దవాఖానకు తోలుకపోతుంటె చెల్పూర్ దాటకముందే పాణం పోయింది. అయినా ఒక్క చెట్టు పోనియ్యలె వాడు. ఒక్క చెట్టు! తండల అందరికి గదే చెప్త. మావోడు ఉత్తగ పోలె, బంగారమసొంటి గంధాన్ని కాపాడి పోయిండని.”

“ఇగ ఊకో. సాబ్, చాయ పోస్త, ఇంటికి నడువు.”

“చాయ తర్వాత కమలా. సాబ్, గిది ఇడిచిపెట్టు. ఆ చివరకు పెద్దదున్నది, దానికి పెట్టు బర్మా. మస్తు లావున్నది.”

“దానికొద్దు.”

“ఎందుకొద్దు కమలా?”

“ఊకెనే. అన్నిటికి పొడుసుకుంట పోతె ఏం లాభం?”

“లావున్నదంటె గదే పరేషాన్ అన్నా. నీళ్లు బాగ పెట్టినవా?”

“పెట్టనా మరి? వరి ఎండినా వీటికి బోరిడిసిన. యూరియా ఏసిన. వాడు పోయినంక ఇంకెక్కువ. లేస్తె ఈడ్నే, పండితె ఈడ్నే.”

“గంధానికి నీళ్లెక్కువైతె ఒళ్లు పెరుగుతది గని చేవ పడదన్నా. గట్టు మీద, రాళ్లల్ల, బక్కగ పెరిగిన చెట్టుకే జల్ది పడ్తది.”

“అంటె నా చేతులతోటి నేనే... అంతేనా?”

“నేనట్ల అనలె. నీళ్లు బంద్ పెట్టి ఇంక కొన్నేండ్లు ఆగు.”

“ఆగ. నాకిప్పుడే తెలవాలె. వాడు పడ్డది ఆ పెద్దదాని మొదట్ల. దానికి చేవ ఉంటది. ఉండాలె. నడువు.”

“సరే, నీ ఇష్టం... ఏందన్నా గిది? దీనికి ముందుగాలనే బర్మా పెట్టిండ్రు!”

“ఎవలు పెట్టలె.”

“చూడు, బెజ్జమున్నది. మట్టి కూరి, మీదికెల్లి పెండ పూసిండ్రు. గంధం దొంగలు గిట్లనే బెజ్జం పెట్టి వాసన చూస్తరు. చేవ ఉంటెనే రంపం తీస్తరు. లేకుంటె ముట్టకుండ పోతరు.”

“అంటె... మావోడు అడ్డమొస్తె గద వాళ్లు చెట్టు ఇడిచిపెట్టింది? చెప్పు సాబ్. గంతే గద?”

“నాకేం తెలుసన్నా. నేను పోత.”

“ఆగు. దొంగలైతె పెండ పూసి పోతరా? కమలా, ఎటు పోతున్నవ్? ఇటు చూడు. ఎవలు పూసిండ్రిది?”

“నేనే.”

“నువ్వా?”

“వాని నెత్తురు కడుగుదామని వచ్చిన. గడ్డిల పొట్టు పడున్నది. తీసి వాసన చూసిన.”

“చూస్తె?”

“ఏమున్నది? ఒట్టి కట్టె.”

“గిన్నొద్దులు నాతోటి ఒట్టి కట్టెకు నీళ్లు పోయించినవా? నన్ను పిచ్చోన్ని చేసినవా?”

“మంచంల పడి అన్నం ముట్టకపోతివి. చెట్లు ఎండుతున్నయంటెనే గద లేచినవ్. కొడుకు పోయె, మొగడన్న మిగులుతడని బెజ్జం మూసిన. తప్పా?”

“తప్పే! నాకు చెప్పకపోవుడు తప్పే! చేవ లేదని వాళ్లు వాపసు పోతుంటె, వాళ్లెంబడి వాడెందుకు ఉరికిండే?”

“గదొక్కటి అడగకు.”

“అడుగుత. చెప్పు.”

“వద్దంటున్న.”

“చెప్పవే!”

“అంబులెన్సుల నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. ‘చెట్టుకు బెజ్జం పెట్టి వాళ్లు పోతనే ఉండిరే అవ్వా. ఒక్క చెట్టుకు గాటు పడ్డా ఇంట్ల అడుగు పెట్టకన్నడు గద బాపు, అందుకే ఎంటవడ్డ’ అన్నడు.”