సరుగుడు తోట దాకా

పొద్దు వాలే వేళ. అలల తుంపర అల్లూరు తీరాన్ని పలచటి పొగలా కమ్మింది. అమ్మమ్మ, పదేళ్ల మనవరాలు ఇసుకలో నడుస్తున్నారు.

"ఊపిరిలో పిల్లికూతలు వస్తా ఉండాయా అమ్మా?" అడిగింది అమ్మమ్మ.

"ఇన్‌హేలర్ పీల్చినాక తగ్గినాయి. అమ్మమ్మా, లావుగా ఉన్నాననే నాకు ఉబ్బసం వచ్చిందా?"

"అదొక్కటే కాదంట. బరువు పెరిగితే మాత్రం ఊపిరికి ఇంకా కష్టమంట. డాక్టరమ్మ చెప్పింది గదా. తప్పు నాదే. నువ్వు దగ్గితే చాలు, భయపడి ఇంట్లో కూర్చోబెట్టినా. ఏడిస్తే టీవీ పెట్టి, జంతికలు చేతికిచ్చినా."

"నాకు బాగుండేది."

"నాకూ బాగుండేది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అమ్మమ్మ నడుం పట్టుకుని ఆగిపోయింది.

"నువ్వు కూర్చో అమ్మమ్మా. నేను సరుగుడు తోట దాకా పోయొస్తా."

"ఒక్కదానివేనా?"

"ఇన్‌హేలర్ జేబులోనే ఉంది. మెల్లగా పోతాలే."

వద్దనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నీళ్లకు దూరంగా నడువు."

పిల్ల ఆ తెల్లటి పొగలో కలిసిపోయింది. ఆమె ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. కాసేపటికి తోట వైపు నుంచి ఆయాసం లేని కేక వినిపించింది.

"అమ్మమ్మా! తోట కాడికి వచ్చేసినా! పాట పాడతా, వినపడతాదా?"

"పాడమ్మా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "నాకు అంతా వినపడతా ఉంది."