మంచు అన్నాడు, గడ్డి అనలేదు

కెనడాలోని మానిటోబాలో సరస్సు ఒడ్డు పల్లె. నవంబరు నెల, సోమవారం మధ్యాహ్నం రెండు గంటలు. ముసలి జాలరి హాల్డోర్ ఇంటి సెల్లార్‌లో అతనూ, ఇళ్ళు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసే టానిస్ అనే అమ్మాయీ ఉన్నారు.

"తుడిచాను. మళ్ళీ తుడిచాను. గుడ్డ పిండేలోపు మళ్ళీ మడుగు. నిప్పు మండే పెట్టెలోంచి నీళ్ళేమిటమ్మాయ్? మా నాన్న పెట్టించిన పాత పొయ్యి నలభై ఏళ్ళు మండింది, ఒక్క చుక్క కారలేదు."

"అది సగం వేడిని పొగతోపాటు ఆకాశానికి పంపేది బాబాయ్. ఇది పొగలో ఉన్న వేడి కూడా పిండుకుంటుంది. పొగ చల్లబడితే అందులో తడి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు పోవడానికే ఈ సన్న గొట్టం. మామూలుగా ఇందులో పాచి అడ్డుపడుతుంది. ఆ దీపం ఇటు పట్టండి."

"మీ నాన్న వస్తాడనుకున్నా."

"నడుం పట్టేసింది. మీకు నేనే గతి."

"పోయిన వేసవిలో బిగించింది ఆయనే. ఒకే రోజు రెండు. పొద్దున ఇక్కడ, సాయంత్రం రోడ్డవతల మా చెల్లెలు రూనా ఇంట్లో. దానిదీ కారుతోందేమో అడుగుదామని పొద్దున్నుంచీ ఫోన్ చేస్తున్నా. ఎత్తదు."

"చెవిమిషను పెట్టుకోలేదేమో. రాత్రి తీసేసి పడుకుంటుందిగా."

"మధ్యాహ్నం రెండింటికి రాత్రేమిటి? అలక. శుక్రవారం పేకాటలో దొంగముక్క వేశానంది."

"వేశారా?"

"వేశాననుకో. డెబ్బై ఆరేళ్ళ మనిషికి అంత పంతమా? ఇవాళ వంటింటి కిటికీ తెర కూడా తీయలేదు, నా మొహం కనబడుతుందని."

"ఈ గొట్టం శుభ్రంగానే ఉంది బాబాయ్."

"అయితే మరి?"

"నీళ్ళు ఇక్కడివి కావు. పైనుంచి వస్తున్నాయి. ఈ లావు గొట్టం చూడండి, పొగ బయటికి పోయేది. ఈ అతుకు దగ్గర తడి. బయటికి పోవలసింది వెనక్కొస్తోంది."

"వస్తే వచ్చింది, ఆ అతుకు బిగించు. కాఫీ ఇద్దామంటే మా ఆవిడ లౌగా లేవనంటోంది. వారం నుంచీ తలనొప్పి."

"వారం నుంచా?"

"తలనొప్పి, వాంతులు, కాళ్ళు తేలిపోతున్నాయట. గురువారం పట్నంలో కూతురింటికి వెళ్ళింది. అక్కడ రెండ్రోజులూ లేడిపిల్లలా తిరిగిందట. ఇంటికొచ్చింది, మళ్ళీ మంచమెక్కింది. నాకు తెలీదూ? ఇక్కణ్ణుంచి పట్నానికి మకాం మార్పించాలని నాటకం."

"మీకెలా ఉంది?"

"నాకేం. పగలంతా పడవల షెడ్డులో వలలు అల్లుకుంటా. రాత్రిళ్ళు కాస్త తల బరువు. దాని గొణుగుడు వింటే ఎవరికైనా..."

"ఒక్క నిమిషం. మాట్లాడకండి."

"ఏమిటా కూత?"

"నా చేతిలో గాలి కొలిచే మిషను. అతుకు దగ్గర పెట్టగానే కూసింది. బాబాయ్, మెట్ల దగ్గర నాన్న ఇలాగే కూసే ఒక తెల్ల డబ్బా బిగించాడు. ఏదీ?"

"అదా. అదీ వారం నుంచి ఒకటే కూత. పిచ్చెక్కి తీసేశా. షెడ్డులో పెడితే నోరు మూసుకుంది. చలికి దానికి బుద్ధొచ్చింది."

"సరే. ఇదిగో, మీట ఆపేశాను. పదండి పైకి."

"ఆపేశావా? బయట చలి సున్నాకి కింద ముప్పై దాటింది. చచ్చిపోతాం."

"చలికి చావరు. పదండి. మీరు రెండు తలుపులూ బార్లా తెరవండి, నేను పిన్నిని లేపుతా. పిన్నీ. పిన్నీ, టానిస్‌ని. లేవండి."

"ఎవరూ... నన్ను పడుకోనివ్వండే."

"పడుకోకూడదు. చెయ్యి నా భుజం మీద వెయ్యండి."

"బూట్లు..."

"బూట్లు వద్దు, దుప్పటి చాలు. బాబాయ్, ఆ పక్క పట్టుకోండి. నా బండి వరకే. ఆఁ, వచ్చేశాం. కూచోండి పిన్నీ. గాలి పీల్చండి, ఇంకా, ఇంకా. అంబులెన్సుకు చెప్పేశాను, బయల్దేరింది."

"ఎందుకింత హడావిడి చేస్తున్నావమ్మాయ్?"

"ముందు ఇది చెప్పండి. పొగ బయటికొచ్చే గొట్టం ఈ గోడకే ఉండాలి. ఏదీ?"

"ఆ గడ్డి మోపుల వెనకాల."

"ఈ గడ్డి ఎప్పుడు పేర్చారు?"

"వారమైంది. మా తాత ఐస్‌లాండు నుంచి వచ్చిన ఏటి నుంచీ చలికాలం ముందు ఇంటి చుట్టూ పేరుస్తాం. అడుగునుంచి చలి దూరకుండా. లౌగాకే కాళ్ళు చల్లబడతాయని."

"గొట్టం ముందు ఏదీ అడ్డం ఉండకూడదని నాన్న చెప్పలేదూ?"

"మంచు అడ్డం రాకూడదన్నాడు. మంచు అన్నాడు, గడ్డి అనలేదు. మంచు అడ్డం రాకుండానే కదా గడ్డి పెట్టింది."

"పాత పొయ్యి పొగ కప్పు మీంచి పోయేది బాబాయ్. దీని పొగ ఇక్కడ, మోకాలెత్తులో వస్తుంది. తడిపొగ. గడ్డిలోకి వచ్చి గడ్డకట్టింది, సీసాకి బిరడాలా. నీళ్ళు వెనక్కి తిరిగాయి. ఆ నీళ్ళు కారిన అతుకులోంచే విషగాలి కూడా ఇంట్లోకి వచ్చింది. రంగుండదు, వాసనుండదు. మనిషికి నిద్రొచ్చినట్టే ఉంటుంది."

"అంటే లౌగాది..."

"నాటకం కాదు."

"లౌగా, నాకు తెలీలేదే."

"వారం నుంచి చెబుతున్నా. విన్నావా?"

"పిన్నీ, తర్వాత తిడుదురుగాని. ఇప్పుడు తల ఎలా ఉంది?"

"తిరుగుతోంది. ఇందాకటంత కాదు."

"అదృష్టం. నీళ్ళు కారి గోల చేశాయి కాబట్టి నన్ను పిలిచారు. అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ బండిలో వేడి చాలదు. బాబాయ్, అలకా గిలకా పక్కనబెట్టి వెళ్ళి రూనా అత్త తలుపు కొట్టండి. పిన్నిని అక్కడ కూచోబెడదాం."

"వెళ్తున్నా..."

"బాబాయ్? ఏం చూస్తున్నారు?"

"ఆ తెర ఇంకా తీయలేదు."

"అలకన్నారుగా."

"టానిస్, నేను నలభై మోపులు తెచ్చాను."

"ఇక్కడ ఇరవై కూడా లేవే."

"మిగతావి నిన్న అది చర్చికి వెళ్ళినప్పుడు పేర్చాను, కోపం పోతుందని. దాని ఇంటి చుట్టూ. ఇక్కడికంటే బిగువుగా, చీమ దూరే సందు లేకుండా."