నాకెరుకలేదన్న మాట

నా పేరు వీరరాఘవరావు. వయస్సు నలభై మూడు. ఇంగ్లీషు లెక్చరరును. సొంత ఊరు తెనాలి దగ్గర. పదేళ్ళుగా అశోక్‌నగర్‌లో అద్దెకుంటున్నాను. ఎవరూ పిలవకుండా నేనే వచ్చి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. మూడు రోజులు ఆలస్యంగా వచ్చాను.

ఎలిజబెత్ రాణి కాలంనాటి ఎడ్మండ్ హారొవే అనే ఇంగ్లండు పాదిరీ జీవితాన్ని నేను తెలుగులో రాశాను. నారాయణగూడలో ఒక ప్రెస్సులో అచ్చవుతోంది. ఎలిజబెత్‌కు ముందు మేరీ రాణి ఏలుబడిలో, పెళ్ళాడిన పాదిరీలను చర్చిల్లోంచి వెళ్ళగొట్టారు. విచారణలో హారొవే తన భార్యను చూసి "ఈమె ఎవరో నాకు తెలియదు" అన్నాడు. ఉద్యోగం నిలిచింది. ఎలిజబెత్ వచ్చాక ఆ రాణి మతానికి మారి, ముప్పై ఏళ్ళు గౌరవంగా బతికాడు. భార్య తిరిగి రాలేదు. అతన్ని నాలుగు పేజీలు తిట్టాను. ఇది కేసుకు అనవసరమని ఇన్‌స్పెక్టరుగారు అన్నారు. రాయమని బతిమాలాను.

జూన్ 5, గురువారం నేనూ, మా కాలేజీలోనే పనిచేసే నా స్నేహితుడు సుందరరావుగారూ ప్రెస్సులో ఆ పేజీల ప్రూఫు చూస్తున్నాం. ఆయనదీ కోస్తానే. కంపోజిటరు ఈదయ్య అక్షరాలు పేరుస్తూ నవ్వాడు. "గిదేంది సార్, 'నాకు తెలియదు' అంటడా? మేమైతే 'నాకెరుకలే' అంటం." సరదాగా నేనూ రెండుమూడుసార్లు అని చూశాను. బాగా వచ్చిందన్నాడు.

సాయంత్రం అయిదుంపావుకు ఇద్దరం ఇంటికి బయల్దేరాం. అప్పటికే తెలంగాణ గొడవలు ముదిరాయి. చిక్కడపల్లిలో పదిహేనుమంది అడ్డగించి, ఆంధ్రావాళ్ళెవరని ఆరా తీస్తున్నారు. "ఏ ఊరు అన్నా మీది?" అన్నారు నన్ను. "ఈడనే అన్నా, నల్లకుంట" అని అబద్ధమాడాను. "గీయన మీతోనొచ్చిండా?" అన్నారు. "నాకెరుకలే" అన్నాను.

సుందరరావుగారు నా మొహం చూశారు. నేను తెలుసా అని ఆయన్నీ అడిగారు. "లేదండీ, ఆయనెవరో నాకు తెలీదండీ" అన్నారు. నా కోసమే అన్నారు. ఆ 'అండీ'తోనే దొరికిపోయారు.

నన్ను వదిలేశారు. ఎదురుగా మూసి ఉన్న ఇనప సామాన్ల కొట్టు అరుగెక్కి నిలబడ్డాను. కర్రతో ఆయన తలమీద కొట్టింది ఎర్ర గళ్ళ చొక్కా మనిషి. చూస్తే గుర్తుపడతాను. ఈదయ్య కాదు. ఈదయ్య తర్వాత వచ్చాడు. "అరే, మా సార్‌రా!" అని అరుస్తూ మధ్యలో దూరి, ఆయన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్ళాడు. అతని చొక్కా మీది రక్తం అలా మోసినప్పుడు అంటిందే. ఆ రక్తం చూసే పోలీసులు అతన్ని పట్టుకున్నారు. అతను మోసుకెళ్తున్నప్పుడు కూడా నేను అరుగు మీదే ఉన్నాను.

శుక్రవారం పొద్దున అతని భార్య మాసమ్మ మా ఇంటికొచ్చింది. వాకిట్లో మా ఇంట్లోవాళ్ళతో ఆమె చెప్పేది లోపలికి వినిపించింది. "సార్‌ను అరుగు మీద చూసిండంట మా ఆయన. జర ఠాణాకొచ్చి చెప్పమనుండ్రి, మోసిండు గని కొట్టలేదని." నాకు జ్వరమని చెప్పించాను. నాకు జ్వరం లేదు. శనివారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ జ్వరమే అన్నాను. వస్తే ఎక్కడ నిలబడి చూశానో చెప్పాలి కదా అని సిగ్గుపడ్డాను. సుందరరావుగారికి ఇంకా స్పృహ రాలేదు. చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. ఈదయ్యను వదిలిపెట్టండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒక్క మాట తప్ప. సుందరరావుగారు నాకు 'పరిచయస్తులు' అని స్టేషను రైటరు రాశాడు. అది కొట్టేసి 'స్నేహితుడు' అని నా చేత్తో దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టాను. తక్కినదంతా నిజం.

(సం.) వీరరాఘవరావు
8-6-1969, ఉదయం 9.40