మామయ్య విసిరిన సుద్దముక్కలు

తెల్లారితే మేనకోడలికి గండం. కాలేజీలో ప్రిన్సిపాల్ ఎదుట గణాంకశాస్త్రం పాఠం చెప్పాలి, నచ్చితేనే ఉద్యోగం. ద్విపద, పాయిజాన్, సామాన్య విభాజనాలకి, అదే డిస్ట్రిబ్యూషన్లకి, ఒకదానితో ఒకదానికి ఏం చుట్టరికమో పిల్లలకి అర్థమయ్యేలా చెప్పమన్నారు. "మీ మామయ్యని అడగవే, జీవితమంతా అదేగా చెప్పాడు" అని అమ్మ అంటే టీకొట్టు దాకా వచ్చింది. అప్పటికే మామయ్య, ఊరందరికీ మాస్టారు, బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. టీకొట్టాయనా, బస్సు డ్రైవరూ చెవులప్పగించి ఉన్నారు.

"అదెంత పనే పిచ్చిమొద్దూ! నేను పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. క్లాసులో ఓ మూల బకెట్ పెట్టి సుద్దముక్క విసిరాను. పడిందా, పడలేదా? అంతే, అది బెర్నౌలీ, వంశానికి మూలపురుషుడు. పది విసిరి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు, వాడి కొడుకు ద్విపద పుట్టేశాడు!"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికా!

"మీకెన్ని పడ్డాయి మాస్టారూ?" అన్నాడు డ్రైవర్.

"పదికి పదీ! నా గురి తప్పడమేంటయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బకెట్‌ని వీధవతల నీళ్ళ ట్యాంకు మీద పెట్టించాను. మామూలోడు పొద్దస్తమానం విసిరితే ఎప్పుడో ఓటి పడుతుంది. విసుర్లు బోలెడు, పడేవి అరుదు. ద్విపద కడుపున పుట్టిన పాయిజాన్ అంటే వాడే. నేనా? కిటికీలోంచి, కళ్ళు మూసుకుని..."

"అన్నీ పడ్డాయా?" టీకొట్టాయన పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

"అన్నీ!"

"అమ్మ బాబోయ్!"

"ఉండవయ్యా, అసలు కథ ముందుంది. మైదానంలో సున్నా నుంచి పది దాకా వరసగా గళ్ళు గీయించాను. పది విసరడం, బకెట్‌లో ఎన్ని పడితే ఆ అంకె గడిలో ఓ ఇటుక పెట్టించడం. విసిరాను, పెట్టారు, విసిరాను, పెట్టారు. చూస్తుండగానే నడుమ ఎత్తుగా, అటూ ఇటూ వాలుగా, గంట బోర్లించినట్టు కొండ లేచింది! అదేనమ్మా సామాన్య విభాజనం. దాని నీడకి మిట్టమధ్యాహ్నం వీధిదీపాలు వెలిగించారు. ఓ విమానం చుట్టూ తిరగలేక శిఖరం మీద దిగి దారడిగింది!"

డ్రైవర్ తెరిచిన నోరు మూయలేదు. మేనకోడలు మాత్రం వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఇదే ముక్క రేపు ప్రిన్సిపాల్ ముందు చెబితే ఇంకేమన్నా ఉందా!

"మామయ్యా, ఆ విసుర్లన్నీ నువ్వేనా?"

"నేనే! ఇంకోడి చేత్తో అయ్యే పనా?"

"ఒక్కటీ తప్పలేదా?"

"ఒట్టు! ఒక్కటంటే ఒక్కటి!"

"అయితే ప్రతిసారీ పదికి పదేగా. ఇటుకలన్నీ పదో గడిలోకే పోవాలి. అక్కడ నిట్రాడలా ఓ స్తంభం లేస్తుంది గానీ కొండెక్కడిది? కొన్ని పడి కొన్ని తప్పితేనేగా నడిమి గళ్ళు నిండేది!"

మాస్టారు బాసింపట్టు విప్పి కాళ్ళు కిందకి దించాడు.

"ఒకటీ అరా తప్పాయేమోలే," అన్నాడు చివరికి.

"ఒకటీ అరా ఏం సరిపోతాయి? కొండ నడుమ లేవాలంటే సగానికి సగం తప్పాలి. కొండ కావాలా, గురి కావాలా, తేల్చుకో మామయ్యా."

ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"కొండే ఉండనీవే," అని గొణిగాడు.

"మరైతే రేపు నా క్లాసుకి రా. విసరడానికి సరిగ్గా నీలాంటివాడే కావాలి."